పస్కా పండుగకు పొరుగింటికి కాజాలు పట్టుకెళ్లకండి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు సూచనలిస్తూ మీరు వేసిన వ్యాసంలో, ఇరుగుపొరుగు వాళ్ల పండుగలకు మన పిండివంటలు పట్టుకెళ్లి ఇస్తే ఇట్టే కలిసిపోతారని ఉంది. క్రిస్మస్‌కైతే ఆ మాటకు తిరుగులేదు. పక్కింటివాళ్లు యూదులై, వచ్చిన పండుగ పస్కా (ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడ్డ గుర్తుగా వాళ్లు చేసుకునేది) అయితే మాత్రం ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ ఇద్దరూ ఇబ్బందిపడతారు. మన గోదావరి ఊళ్ల నుంచి న్యూజెర్సీకో డల్లాస్‌కో వెళ్లి ఆరేసి నెలలు ఉండొచ్చే పెద్దవాళ్లున్నారు. ఇజ్రాయెల్‌లో వృద్ధులను చూసుకునే పనికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, వీలుంటే కత్తిరించకుండా వేయండి.

మనవైపు మర్యాదంటే పెట్టడమే. వద్దన్నకొద్దీ విస్తట్లో ఇంకో గరిటె పడాల్సిందే. పస్కా వారంలో యూదుల ఇంటి దగ్గర ఈ పద్ధతి నడవదు. అక్కడ మర్యాద ముందుగా అడగడంలో ఉంటుంది, ఆ తర్వాత వాళ్ల వంటింటి గడప దాటని సాయం చేయడంలో ఉంటుంది. మడి కట్టుకున్నావిడకు ఎంత ప్రేమ ఉన్నా మనం చెంబు చేతికందించం కదా, అదే ఇదీను.

ఏ యూదు కుటుంబం ఎంత నిష్ఠగా ఉంటుందో పైకి చూసి చెప్పలేం. ఏడాదంతా ఏమీ పట్టించుకోని ఇల్లు పస్కా ఎనిమిది రోజులూ రొట్టె ముట్టకపోవచ్చు. టోపీ పెట్టుకున్న ఆయన ఇల్లు నిష్ఠగా ఉంటుందని, పెట్టుకోని ఆయన ఇల్లు ఉండదని లెక్కలేయకండి. పండుగకు రెండు మూడు వారాల ముందే "పండక్కి మీ ఇంట్లో ఏం పనికొస్తుంది, ఏం పనికిరాదు?" అని నేరుగా అడగండి. ఈ ప్రశ్నకు వాళ్లు నొచ్చుకోరు, పైగా సంతోషిస్తారు. పండుగ ముందు రోజు అడిగితే మాత్రం వాళ్లకు జవాబు చెప్పే తీరిక ఉండదు.

తేదీలో కూడా ఒక తిరకాసుంది. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. క్యాలెండరులో 2027 పస్కా ఏప్రిల్ 22 అని ఉంటే, పండుగ మొదలయ్యేది 21వ తేదీ బుధవారం సాయంత్రం. అప్పటికి పొయ్యి పనులన్నీ అయిపోయి ఉంటాయి. 22 పొద్దున్న పళ్లబుట్ట పట్టుకుని వెళ్లి కాలింగ్‌బెల్ నొక్కితే, పండుగ రోజు కరెంటు మీటలు ముట్టని ఇంట్లో అదో చికాకు. ఇజ్రాయెల్‌లో ఈ పండుగ ఏడు రోజులు, బయట దేశాల్లో చాలామందికి ఎనిమిది. మొదటి రోజులు, చివరి రోజులు పూర్తి సెలవు కింద లెక్క. మధ్యలోవి కాస్త సడలింపు ఉన్న రోజులు. ఏదైనా ఇవ్వదలిస్తే మొదలయ్యే రోజు మధ్యాహ్నం లోపు ఇచ్చేయండి, లేదా ఆ మధ్య రోజుల్లో ఇవ్వండి.

ఇక అసలు విషయం, తిండి. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల పిండికి నీళ్లు తగిలి, కాలకుండా 18 నిమిషాలు దాటితే అది పులిసినట్టే లెక్క. దాన్ని హమేత్స్ అంటారు. వాళ్లు తినే మత్సా రొట్టె కూడా గోధుమపిండిదే, కాకపోతే నీళ్లు పోసిన క్షణం నుంచి పొయ్యి మీంచి దించేదాకా ఆ 18 నిమిషాల్లో అయిపోవాలి. పస్కాలో హమేత్స్ తినకూడదన్నది సగం మాటే. ఇంట్లో ఉండకూడదు, తమ సొంతమై ఉండకూడదు, దానితో ఏ లాభమూ పొందకూడదు. అందుకే వారాల తరబడి ఫ్రిజ్ వెనకాల, కారు సీట్ల సందుల్లో, పిల్లల కోటు జేబుల్లో వెతికి మరీ తుడుస్తారు. ముందు రోజు రాత్రి దీపం పెట్టుకుని ఇల్లంతా చివరిసారి వెతికి, దొరికింది పొద్దున్నే కాల్చేస్తారు.

ఇంత చేసిన ఇంటికి మనం తాపేశ్వరం మడతకాజా డబ్బా పట్టుకెళితే ఏమవుతుందో ఆలోచించండి. మైదా తడిపి, నానబెట్టి, పొరలు పొరలుగా చుట్టి వేయించిన సరుకది. హమేత్స్‌కి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కాకినాడ గొట్టం కాజా, బొబ్బట్లు, బిస్కట్లు అన్నీ అదే కోవ. వాళ్లు తీసుకోలేరు. తీసుకుంటే వాళ్ల సొంతమైపోతుంది. మొహం మీద వద్దనలేక నలిగిపోతారు. ఎవరూ లేనప్పుడు గుమ్మంలో పెట్టి వచ్చేయడం మరీ ఘోరం. లోపలికి తీసుకోవడానికి లేదు, అలా వదిలేయడానికీ లేదు. పైగా ఈ రోజుల్లో యూదుల ఇళ్లముందు పేరూ ఊరూ లేని పొట్లం కనిపిస్తే భయపడతారు కూడా.

"మైదా లేనివి ఇస్తాం" అనుకుంటే రెండో మెట్టు ఉంది. తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులు పస్కాలో బియ్యం, జొన్న, మొక్కజొన్న, పప్పులు, ఆవాలు, నువ్వులు కూడా తినరు. వీటిని కిత్నియోత్ అంటారు. ఇవి హమేత్స్ కావు, ఇంట్లో ఉంటే తప్పు లేదు, తినడమే మానేస్తారు. స్పెయిన్, అరబ్ దేశాల మూలాలున్నవాళ్లలో చాలామంది, మన దేశపు బెనె ఇజ్రాయెల్, కొచ్చిన్ యూదులూ అన్నం తింటారు. గింజ గింజా ఏరి మరీ వండుకుంటారు. అమెరికాలో కన్సర్వేటివ్ శాఖ 2015లో అష్కెనాజీలు కూడా కిత్నియోత్ తినొచ్చని చెప్పింది, అయినా అలవాటు కొద్దీ తిననివాళ్లు ఎందరో. ఇప్పుడు ఆత్రేయపురం పూతరేకు సంగతి చూడండి. రేకు బియ్యపు పిండిది, లోపల నెయ్యి. అష్కెనాజీ ఇంట్లో బియ్యం దగ్గరే ఆగిపోతుంది. బియ్యం తినే ఇంట్లో కూడా నెయ్యి పాలపదార్థం కాబట్టి మాంసంతో కూడిన పండుగ భోజనంలో వడ్డించరు. సున్నుండలు మినుములతో, అరిసెలు బియ్యం, నువ్వులతో, జంతికలు శనగపిండితో ఆగిపోతాయి.

మన వంట ఎక్కడ తేలిపోతుందో చూడాలంటే పోపుగరిటెలోకి చూస్తే చాలు. ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు మూడూ కిత్నియోతే. జీలకర్ర మీద వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. మిగిలిన ఇంగువ దగ్గరే అసలు ప్రమాదం. మనం కొనే పొడి ఇంగువ ఒట్టి ఇంగువ కాదు. బంకతో పాటు మైదానో, గోధుమపిండో, బియ్యప్పిండో కలిపి తయారుచేస్తారు, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. మైదానో గోధుమపిండో కలిసిన ఇంగువైతే చిటికెడుతో కూర మొత్తం హమేత్స్ జాబితాలోకి పోయినట్టే. ఇక నికరంగా నిలబడేవి ఎండుమిరపకాయ, కరివేపాకు. పస్కా వచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లో, మనకు కొత్తావకాయ రోజులు. ఆవపిండి, నువ్వులనూనె, ఇంగువ మూడూ ఉన్న జాడీని పస్కా వారంలో పొరుగింటికి పంపడం కంటే మే నెలలో పంపడం మేలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర గురించి వేరే చెప్పనక్కర్లేదు.

దినుసులన్నీ సరిగ్గా ఉన్నా మన గిన్నెలో వండిందంటే నిష్ఠగలవాళ్లు తినరు. గిన్నెకు అంతకుముందు వండినవాటి సారం పట్టి ఉంటుందని వాళ్ల లెక్క. "కొత్త గిన్నె కొని శుభ్రంగా చేశామండీ" అన్నా పొయ్యి, గరిటె, చాకు మిగిలే ఉంటాయి. ఇది మన శుభ్రత మీద తీర్పు కాదు. మాంసం, పాలు కలవకూడదన్న నియమం ఏడాది పొడవునా ఉన్నదే, పస్కాకి దాని మీద ఇంకో పొర పడుతుంది.

మరేం ఇవ్వాలి? కోయని పళ్లు. ఇంతకంటే నిర్భయమైన కానుక లేదు. చాకు తగలని అరటిపళ్ల అత్తం, మామిడిపళ్లు, దానిమ్మ, బత్తాయిలు ఏ ఇంటికైనా పనికొస్తాయి. కొబ్బరికాయ ఇంకా మంచిది, పగలగొట్టకుండా ఇవ్వండి. పీచు కొంచెం ఉంచితే చెడదు, పిలక ఉంచే పని లేదు. కొబ్బరి తురిమి పొడి చేసి, చక్కెర కలిపి, డబ్బాలో పోసి అందంగా కట్టామంటే మళ్లీ మన చాకూ, మన గిన్నె కథలోకి వచ్చేస్తాయి. జీడిపప్పు ఇవ్వాలనుంటే నూనె, ఉప్పు తగలని పచ్చిపప్పు మంచిది. వేయించింది వద్దు. మామిడితాండ్రలో ధాన్యం లేదు కదా అని ముందుకెళ్లకండి, తయారుచేసిన సరుకేదైనా ముద్ర కావాలి.

ముద్ర అంటే కోషర్ ముద్ర, యూదుల ఆహార నియమాల ప్రకారం తినదగిందని చెప్పే గుర్తు. అమెరికాలో ఎక్కువగా కనపడేది గుండ్రటి గీతలో యూ అక్షరం. దాని పక్కన డీ ఉంటే పాలపదార్థం. పీ ఉంటే పస్కాకి పనికొస్తుందని. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. పాలూ మాంసం రెండూ లేని సరుకును పార్వే అంటారని ఎక్కడో విని, పీ అంటే అదే అనుకుంటారు. ఈ యూ ముద్ర పక్కన పీ ఉంటే పస్కా అనే అర్థం. ఒకే కంపెనీ ఒకే రకం సరుకును పస్కా ముద్రతోనూ, అది లేకుండానూ అమ్ముతుంది, డబ్బా రంగు కూడా తేడా ఉండదు. అందుకని పోయినేడాది కొన్నదే కదా అని చూడకుండా తీసుకోకండి. సీలు విప్పకండి, బుట్టలో సర్దడానికి కూడా విప్పొద్దు.

తిండి జోలి లేకుండా ఇవ్వాలంటే మన దగ్గర నర్సాపురం లేసు ఉండనే ఉంది. పండుగ బల్ల మీద తెల్లగుడ్డ పరచడం వాళ్లకు అలవాటు. మత్సా మీద కప్పడానికీ ఒక గుడ్డ ఉంటుంది. బల్ల పొడవు వెడల్పులు ముందుగా తెలుసుకుంటే సరిపోయేది తీసుకెళ్లొచ్చు. ఆ లేసు నూలుదారంతో అల్లేది. వాళ్ల బట్టల నియమం ఉన్నితో నార కలపడం మీద, నూలుకి దానితో పేచీ లేదు. పువ్వులు, ఆకులు ఉన్న అల్లిక ఎంచుకోండి, శిలువ గుర్తున్నది వద్దు.

ఇప్పుడు పొరుగువాళ్లు మాత్రమే చేయగలిగే సాయం ఒకటి చెప్పాలి. ఇంట్లో ఖరీదైన హమేత్స్ ఉంటే, పారేయకుండా యూదులు కానివాళ్లకు అమ్మేస్తారు, పండుగయ్యాక తిరిగి కొనుక్కుంటారు. చాలా ఊళ్లలో రబ్బీ (వాళ్ల మతగురువు) అందరి తరఫునా ఒకరికే అమ్ముతాడు. ఇజ్రాయెల్‌లో ప్రభుత్వానికి చెందిన హమేత్స్‌ని ఏళ్ల తరబడి కొన్నది అబూ ఘోష్ గ్రామానికి చెందిన హుసేన్ జాబర్ అనే ముస్లిం హోటలు ఉద్యోగి. ఎప్పుడైనా మిమ్మల్ని కొనమని అడగొచ్చు. ఒప్పంద కాగితం రాస్తారు, కొంత బయానా అడుగుతారు, అలమారా తాళంచెవి ఇస్తారు, మిగతా డబ్బు పండుగ తర్వాత అని గడువు పెడతారు. మన నోట వెంటనే వచ్చే మాట "డబ్బుదేముందండీ, ఊరికే మా ఇంట్లో దాచిపెడతాం లెండి" అని. మంచి మనసుతో అన్న ఆ మాట మొత్తం పాడుచేస్తుంది. దాచితే సరుకు వాళ్లదే అవుతుంది, అమ్మితేనే మనదవుతుంది. బయానా ఇవ్వండి, కాగితం చదివి సంతకం పెట్టండి, తాళంచెవి పుచ్చుకోండి. నాటకమనుకుని నవ్వకండి. ఆ వారం ఆ అలమారా నిజంగా మీదే. అందులోది తినే హక్కు కూడా మీకుంది, తింటే ధర కట్టాలంతే. పండుగయ్యాక వాళ్లు మీ బయానా వెనక్కిస్తే మొహమాటపడకుండా తీసుకోండి, అది తిరుగు అమ్మకంలో భాగం.

సేదర్‌కి, అంటే పస్కా మొదలయ్యే రాత్రి జరిగే పండుగ భోజనానికి, పిలిచారంటే వెళ్లండి. "ఆకలిగొన్నవారెవరైనా వచ్చి తినండి" అన్న పిలుపు ఆ రాత్రి చదివే హగ్గదా పుస్తకంలో మొదట్లోనే ఉంటుంది. అయితే తెలుసుకుని వెళ్లాలి. చీకటి పడ్డాకే మొదలుపెడతారు. ఏప్రిల్ చివర న్యూజెర్సీలో అంటే రాత్రి ఎనిమిది దాటుతుంది. ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన కథ, పిల్లల నాలుగు ప్రశ్నలు, పాటలు అన్నీ అయ్యాక గాని భోజనం రాదు, పదవుతుంది. షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఏదైనా తిని బయల్దేరాలి. భోజనంలో తరచు బ్రిస్కెట్ అనే గొడ్డుమాంసం కూర ఉంటుంది, చారు కోడిమాంసం మరిగించింది. మీరు శాకాహారులైనా, గొడ్డుమాంసం తినకపోయినా పిలిచినప్పుడే చెప్పండి. బంగాళాదుంపలు, గుడ్లు, కూరగాయలతో వాళ్లు సర్దుబాటు చేయగలరు. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే ఆ రాత్రి ఆవిడకు కొత్తగా ఏమీ వండే వీలుండదు.

ద్రాక్షసారా తీసుకెళ్లేట్టయితే పస్కా ముద్రతో పాటు మెవుషాల్ అని రాసి ఉన్నది చూడండి, అంటే వేడి చేసిందని. నిష్ఠగల ఇళ్లలో, వేడి చేయని కోషర్ సారా సీసాను మూత తీశాక యూదులు కానివాళ్లు పోస్తే, ఇక అది వాళ్లు తాగరు. మన అలవాటు తెలిసిందే, ఎవరి గ్లాసు ఖాళీగా కనపడినా లేచి పోసేస్తాం. ఆ రాత్రి ఒక్కొక్కరికీ నాలుగు గ్లాసులు ఉంటాయి, కాబట్టి పోయాలనిపించే సందర్భాలు చాలానే వస్తాయి. కూర్చోండి, వాళ్లనే పోసుకోనివ్వండి. మీరు సారా తాగకపోతే ద్రాక్షరసం ఉంటుంది. భోజనమయ్యాక గిన్నెలు కడగడానికి లేచినా, ఏ తొట్టి మాంసానిదో, ఏ స్పాంజి పాలదో అడగకుండా ముట్టుకోకండి. ఫోటోలు తీయకండి. మనలో క్రైస్తవులైన వాళ్లకు పస్కా మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తెలిసినదంతా ఆ బల్ల దగ్గర బోధించాలనిపించడం సహజమే గాని, పిలిచింది వాళ్ల కథ వినడానికి. సేదర్‌లో వాళ్లు తినే చేదు ఆకు బదులు వేపపువ్వు పట్టుకెళదామన్న ఉత్సాహం కూడా వద్దు. ఏ ఆకు చేదుకి పనికొస్తుందో వాళ్లకు జాబితా ఉంది.

ఇజ్రాయెల్‌లో ఇళ్లలో ఉండి పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్ల వంటా, యజమాని వంటా ఒకే చోట. పండుగకు రెండు వారాల ముందే ఇంటివాళ్లతో తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. మీ గోధుమపిండి, నూడుల్స్, బ్రెడ్ ఆ వారం ఎక్కడ ఉండాలి, మీరు ఎక్కడ తినాలి, వంటింట్లో ఏ గిన్నెలు ముట్టుకోవచ్చు. పస్కా గిన్నెలు అటక మీంచి దించాక పాత చెంచా పొరపాటున అందులో పడితే ఇంటిల్లిపాదీ తలపట్టుకుంటారు. అష్కెనాజీ ఇల్లయితే ఆ వారం అన్నం లేనట్టే. ముందే తెలిస్తే బంగాళాదుంప, చిలగడదుంప, అరటికాయ, గుడ్డు, చేప, పెరుగుతో నెట్టుకురావచ్చు. బజారులో కొందామన్నా హమేత్స్ అరలకు గుడ్డలు కప్పేసి ఉంటాయి. పెద్దావిడకో పెద్దాయనకో మతిమరుపు ఉండి రొట్టె కావాలని మారాం చేస్తే ఏం చేయాలో ఇంటివాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. మందుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మాత్రల్లో పిండి పదార్థం ఉంటుందని భయపడి కొందరు వృద్ధులు పండుగ రోజుల్లో మందు మానేస్తారు. ప్రాణం నిలబెట్టడం మిగతా నియమాలన్నిటికంటే ముందని వాళ్ల శాస్త్రమే చెబుతుంది. కాబట్టి మానేసినట్టు కనపడితే ఊరుకోకుండా పిల్లలకు, డాక్టరుకు చెప్పండి. వాళ్ల ప్రాయశ్చిత్త దినం (యోమ్ కిప్పూర్) ఉపవాసానికీ అంతే, అది పాతిక గంటల పాటు చుక్కనీరు లేని ఉపవాసం. అంబులెన్సు పిలవడానికి ఏ పండుగా అడ్డు కాదు.

పండుగ ముగిసే రాత్రికి కూడా పొరుగువాళ్ల పాత్ర ఉంది. మొరాకోలో యూదులు పస్కా ముగియగానే మిమూనా అని జరుపుకునేవారు. ఇళ్లలో పిండి ఉండదు కాబట్టి ముస్లిం ఇరుగుపొరుగు వాళ్లు పిండి, పులుపుముద్ద, పాలు, వెన్న, తేనె తెచ్చి ఇచ్చేవారు. ఇప్పటికీ అది మంచి సాయమే. పండుగ రోజుల్లో యూదుల సొత్తుగా ఉన్న హమేత్స్ పండుగ తర్వాత కూడా వాళ్లకు పనికిరాదు. మన ఇంట్లో ఉన్నదానికి ఆ అడ్డు లేదు. సీలు విప్పని గోధుమపిండి సంచి, ఈస్ట్ పొట్లం కోషర్ ముద్ర ఉన్నవి తీసి ఉంచి, చీకటి పడ్డాక ఒక గంట ఆగి తలుపు తట్టండి. ఆ గంటలో వాళ్లు పండుగ ముగింపు ప్రార్థన చేసుకుని, అమ్మిన సరుకు తిరిగి తమదైందో లేదో చూసుకుంటారు. పొద్దుగూకగానే వెళితే ఇంకా పండుగే.

మన దగ్గర్లోని సంగతి కూడా రాస్తాం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు కుటుంబాలున్నాయి, 1990ల మొదట్లో అక్కడ ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు. అటువైపు చుట్టరికాలున్న మనవాళ్లకు వాళ్ల పర్ణశాలల పండుగకు సాయపడే వీలుంది, ఎందుకంటే పందిరి వేయడం మనకు రాని పని కాదు. 2026లో అది సెప్టెంబరు 25 సాయంత్రం మొదలవుతుంది. ఇంటి బయట ఆకుల పందిరి వేసి ఏడు రోజులు అందులో తింటారు.

ఆ పందిరికి కొలతలున్నాయి. ఎత్తు పది బెత్తెలకు తగ్గకూడదు, ఇరవై మూరలకు మించకూడదు. లోపల కనీసం ఏడు బెత్తెల పొడవు, ఏడు బెత్తెల వెడల్పు. మూడు పక్కలా గోడ ఉంటే ఏ సందేహమూ లేదు. గోడ అడుగున నేలకి మూడు బెత్తెల సందు రాకూడదు. శామియానా పరదాలు గాలికి ఎగిరిపడతాయి కాబట్టి గోడగా చెల్లవు. తడికలు బిగించి కట్టండి. ముందు గోడలు, తర్వాతే పైకప్పు, ఈ వరస తప్పకూడదు. రాటలు పాతడం, గోడలు కట్టడం మనం చేసిపెట్టి, పైన మట్టలు పరచడం వాళ్లకు వదిలేస్తే అందరికీ తృప్తి. పైకప్పు నేలలో పెరిగి కోసినదై ఉండాలి. అల్లని పచ్చి కొబ్బరిమట్టలు, తాటికమ్మలు దివ్యంగా పనికొస్తాయి. పడుకోవడానికి అల్లిన చాప పనికిరాదు. ఇనుప గొట్టాల మీద నేరుగా మట్టలు పెట్టకుండా మధ్యలో వెదురుబొంగులు అడ్డం వేయండి. నీడ ఎండ కంటే ఎక్కువ ఉండాలి, రాత్రి సందుల్లోంచి చుక్కలు కనపడాలి. మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు, చల్లగా ఉంటుందని కొబ్బరిచెట్ల కిందే పందిరి వేయడం. చెట్టు కింద చెల్లదు. ఆకాశం నేరుగా కనపడే చోటు చూడాలి, మన దొడ్లలో అది వెతికి పట్టుకోవడమే కష్టం. చెట్టు నుంచి కొయ్యని మట్టను వంచి పందిరి మీదికి లాగినా చెల్లదు. పక్కవాడి చెట్టు మట్టలు అడక్కుండా కొట్టుకొస్తే అసలుకే మోసం.

ఆ రోజుల్లో వానలు, తుపాన్లు మామూలే. పాలిథిన్ పట్టా కప్పి ఉండగా కింద కూర్చుని తింటే పండుగ నియమం తీరదు. ఎవరూ లేనప్పుడు తడవకుండా కప్పి, తినే వేళకు తీసేయొచ్చు. గట్టి వానొస్తే ఇంట్లో తినడానికి వాళ్లకు అనుమతి ఉంది, అప్పుడు పట్టా తెచ్చి సాయం చేయబోయి బలవంతపెట్టకండి.

ఆ పండుగకు వాళ్లు చేతిలో పట్టుకునే నాలుగింటిలో మాదీఫలం ఒకటి. కడియం నర్సరీలో దొరికితే పట్టుకెళదామనుకునేవాళ్లు ముందు ఒకటి కనుక్కోండి. అంటుకట్టిన చెట్టు కాయ వాళ్లకు పనికిరాదు. గింజ నుంచి మొలిచిందో, సొంత కొమ్మ నాటితే పెరిగిందో అయి ఉండాలి, ఆ విషయం రైతు ఖాయంగా చెప్పగలగాలి. కాయ మీద మచ్చలు, గాట్లు ఉండకూడదు, కొసన మొటిమ లాంటి మొన ఉంటే అది విరగకుండా దూదిలో చుట్టి తేవాలి.

ఇట్లు,
కొందరు పాఠకులు,
రాజోలు, పాలకొల్లు ప్రాంతాలు